తలరాతకు ఎదురు: గోదావరి సీమలో దైవం, పురుషకారం, నాస్తికత

1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే గోపరాజు రామచంద్రరావు గారి ఉద్యోగం పోయింది. పాఠం చెప్పడంలో ఆయన వల్ల లోపమేమీ జరగలేదు. దేవుడనే భావన గురించి తన అభిప్రాయాన్ని రాతలో పెట్టారు, అంతే. ఇరవయ్యో శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల్లో అదే కళాశాలకు రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన బ్రహ్మసమాజికులు, ప్రార్థన లేనిదే రోజు గడవని ఆస్తికులు. ఆడపిల్లలకూ, ఊరు వెలిగా ఉంచిన కుటుంబాల పిల్లలకూ ఆ కాలేజీ తలుపులు తెరిచింది ఆయనే. తర్వాత గోరాగా పేరుపడిన ఆ వృక్షశాస్త్ర అధ్యాపకుడు జీవితమంతా చేసిన పని చూడండి. అంటరానితనం మీద పోరు, కులాల మధ్య పెళ్లిళ్లు, అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినడం: ఆ ఆస్తిక ప్రిన్సిపాల్ ఒప్పుకోనిది ఇందులో ఏదీ లేదు. ఒకరు తండ్రి ఒక్కడే కనుక మనుషులంతా సమానమన్నారు, మరొకరు పైన ఎవరూ లేరు కనుక సమానమన్నారు. ఇద్దరి పనీ ఒకే దారిన సాగినప్పుడు వాళ్ల మధ్య ఉన్న తేడాకు ఎంత బరువివ్వాలి? గోదావరి సీమలో దైవం చుట్టూ నడిచిన వాదాల చరిత్రను ఈ ప్రశ్న పట్టుకుని చదవాలని నా ఉద్దేశం. అలా చదివితే ఇక్కడి మనుషులు నిజంగా చీలింది బతుకు ముందే రాసిపెట్టి ఉందా, మన చేతిలో ఏమైనా ఉందా అన్న దగ్గరేనని తెలుస్తుంది. ఆ గీతకు రెండు వైపులా ఆస్తికులూ ఉన్నారు, నాస్తికులూ ఉన్నారు.

ఈ ప్రశ్న ఇంగ్లీషు చదువులతో పాటు దిగుమతి అయిందనుకునేవారు ఏలూరుకు ఉత్తరాన కామవరపుకోట దగ్గరున్న గుంటుపల్లి కొండను గుర్తుచేసుకోవాలి. క్రీస్తుకు పూర్వమే అక్కడ బౌద్ధ భిక్షువులు రాతిలో గుహలు తొలిపించుకుని ఉన్నారు. కోనసీమలో ఆదుర్రు, పిఠాపురం దాపున కొడవలి కూడా ఆ మతం ఈ నేల మీద ఎంత దూరం పాకిందో చెబుతాయి. బౌద్ధం సృష్టికర్తను ఒప్పుకోలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. మన చర్చకు అంతకంటె అక్కరకొచ్చేది అంగుత్తర నికాయంలో ఉంది. అక్కడ బుద్ధుడు మూడు వాదాలను వరసగా తోసిపుచ్చుతాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేననేది ఒకటి, అన్నీ ఈశ్వరుడి సృష్టేననేది రెండోది, ఏ కారణమూ లేకుండా జరిగిపోతున్నాయనేది మూడోది. మూడింటి మీదా ఆయన అభ్యంతరం ఒకటే. వీటిలో ఏది నిజమైనా, ఇది చేయాలి, ఇది మానాలి అనే పూనికకు చోటు మిగలదు. చంపినవాడు కూడా నా కర్మ చేయించిందనో ఈశ్వరుడు చేయించాడనో అని తప్పుకోవచ్చు. ఆజీవకుడైన మక్ఖలి గోసాలుడు దేవుడి ఊసు లేకుండానే అంతా నియతి అన్నాడు. అందరి బోధల్లోకీ జనానికి ఎక్కువ చెరుపు చేసేది అతని బోధేనని బౌద్ధులు తలిచారు. దేవుణ్ణి తీసేసినంత మాత్రాన మనిషికి స్వాతంత్ర్యం దానంతట అదే రాదని అంత వెనకటి కాలంలోనే గ్రహించినవాళ్లున్నారన్న మాట.

ఇక వైదిక సంప్రదాయం లోపలి మాట. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కోరిక మీద నన్నయ రాజమహేంద్రవరంలో భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగాడు. వ్యాసుడి అరణ్యపర్వం తొలి భాగంలో ద్రౌపదికీ ధర్మరాజుకీ మధ్య ఒక వాదం నడుస్తుంది. మన సాహిత్యంలో స్వేచ్ఛాసంకల్పం గురించి అంతకంటె నిర్భయమైన చర్చ మరొకటి ఉందని నేను అనుకోను. ధర్మాన్ని వదలని భర్త అడవిపాలయ్యాడు, అధర్మం చేసినవాడు సింహాసనం మీద ఉన్నాడు. దీనికి జవాబు అడుగుతూ ఆమె, జీవులు ధాత చేతిలో ఆడే కొయ్యబొమ్మల వంటివారని, పిల్లవాడు ఆటవస్తువులతో ఆడుకున్నట్టు దేవుడు ప్రాణులతో ఆడుకుంటున్నాడని నిందిస్తుంది. చేసిన పాపం చేసినవాడికే చుట్టుకుంటే చేయించిన ఈశ్వరుడికి ఎందుకు చుట్టుకోదని నిలదీస్తుంది. ధర్మరాజు దానికి నాస్తిక్యమని పేరు పెడతాడు. అప్పుడామె వెనక్కి తగ్గినట్టే కనిపించి అసలు మాట మొదలుపెడుతుంది. అంతా దైవమేనని చేతులు ముడుచుకున్నవాడూ, అంతా అదృష్టవశమని కూర్చున్నవాడూ ఇద్దరూ చెడతారు, పనికి పూనుకున్నవాడే మెప్పుకు తగినవాడు అంటుంది. రైతు దున్ని విత్తుతాడు, వాన కురవకపోతే అది అతని తప్పు కాదు, దున్నకపోతే మాత్రం తప్పు అతనిదే. ఈ నీతి తాను పుట్టింట్లో తండ్రి ఒడిలో కూర్చుని విన్నదని కూడా చెబుతుంది. దైవాన్ని దుమ్మెత్తిపోసిన నోటితోనే పురుషకారాన్ని నిలబెట్టిన ఆ ఇల్లాలిని ఆస్తికురాలనాలో నాస్తికురాలనాలో తేల్చడం వృథా ప్రయాస.

ఇక్కడ వేదాంతం చదివినవారు ఒక అభ్యంతరం చెబుతారు, దాన్ని తేలిగ్గా దాటేయకూడదు. కర్మ సిద్ధాంతాన్ని తలరాతతో కలిపేయడం అజ్ఞానమనీ, నిజానికి అది మనిషి స్వేచ్ఛకు పూచీ పడే సిద్ధాంతమేననీ వారి వాదం. ఈనాటి నా స్థితికి నిన్నటి నేనే కారణమైతే, రేపటి స్థితిని ఈనాటి నేను దిద్దుకోగలను కదా. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ చర్చ సూటిగానే ఉంది. జీవుడు కర్త కాకపోతే ఇది చేయి, అది చేయకు అనే శాస్త్రానికే అర్థం లేకుండా పోతుంది కనుక జీవుడు కర్తేనని సూత్రకారుడు తేలుస్తాడు. ఆ కర్తృత్వం కూడా పరమాత్మ నుంచి వచ్చిందేనని వెంటనే చేరుస్తాడు. అలాగైతే ఈశ్వరుడికి పక్షపాతం అంటుకుంటుందని ఎవరైనా అంటారని, ఈశ్వరుడు జీవుడి ప్రయత్నాన్ని చూసే నడిపిస్తాడని ముడి వేస్తాడు. శంకరులు, రామానుజులు ఆ ముడిని తమ తమ తీరులో విప్పారు. ఈ వాదంలో పస ఉందని ఒప్పుకుంటాను. అయితే సిద్ధాంతం పుస్తకంలో చేసే పని వేరు, ఊళ్లో చేసే పని వేరు. వితంతువుకు చెప్పినప్పుడు, మాలపల్లెలో పుట్టినవాడికి చెప్పినప్పుడు, కర్మ ఎప్పుడూ నిన్నటి వైపే వేలు చూపింది. రేపటి వైపు చూపినప్పుడు కూడా వచ్చే జన్మను చూపింది, వచ్చే ఏడాదిని చూపలేదు. తన స్థితిని తానే దిద్దుకోవచ్చన్న సగం పై కులాల చదువుల్లో ఉండిపోయింది. అనుభవించక తప్పదన్న సగం మాత్రం అందరికీ పంచారు. ఆ తర్వాతి చరిత్రంతా ఆ మొదటి సగాన్ని జనానికి చేర్చే పనిగా చూడవచ్చు.

పందొమ్మిదో శతాబ్దంలో డెల్టాకు వచ్చిన మొదటి పెద్ద రుజువు ఒక పుస్తకంగా రాలేదు, ఆనకట్టగా వచ్చింది. 1830లలో కరువు, 1839లో కోరంగి మీద పడిన తుపాను గోదావరి సీమను గుల్ల చేశాయి. పక్కనే నిండుగా నది పారుతుండగా జనం ఆకలితో చచ్చారు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ గారు గట్టి క్రైస్తవ విశ్వాసి. కానీ కరువు దేవుడి శిక్ష అన్న మాట ఆయన నోట రాలేదు. నీళ్లను నిలిపి పంచడం చేతకాని పాలన వల్ల వచ్చిందేనని జీవితాంతం ప్రభుత్వంతో పోట్లాడారు. దేవుడిచ్చిన నీటిని సముద్రంలోకి వదిలేయడమే ఆయన దృష్టిలో అపచారం. ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయన జీవితచరిత్రను 1900లో వెలువరించింది ఆయన కుమార్తె ఎలిజబెత్, లేడీ హోప్. పదిహేనేళ్ల తర్వాత, డార్విన్ చివరి రోజుల్లో బైబిలు చదువుతుండగా తాను చూశానని అమెరికాలో ప్రచారమైన కథ కూడా ఆమెదే. డార్విన్ పిల్లలు అది అబద్ధమని ఖండించినా, ఆస్తిక నాస్తిక వాదాల్లో ఆ కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. తండ్రి విశ్వాసం ఇసుకలో పునాదులు వేయించింది, కూతురి విశ్వాసం ఒక శాస్త్రవేత్త మరణాన్ని తనవైపు తిప్పుకోవాలని చూసింది. విశ్వాసమన్నది ఒకే రకం వస్తువని మాట్లాడేవారు ఈ ఒక్క ఇంటినే చూసినా చాలు. డెల్టా రైతు కాటన్ దొర విగ్రహానికి దండ వేస్తాడు, పుష్కరాల్లో ఆయనకు పిండం పెట్టేవారూ ఉన్నారు. మనిషి సంకల్పాన్ని తిరిగి దైవంగా మార్చుకోవడమే ఇది అని హేతువాదులు నొచ్చుకుంటారు. నాకు అందులో కృతజ్ఞతే ఎక్కువ కనిపిస్తుంది.

ఆనకట్టకు రాళ్లు మోస్తున్న కాలంలోనే, 1848లో, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పుట్టారు. దయ్యాలు, శకునాలు, జాతకాలు, మంత్రాలు అన్నిటినీ కుర్రతనం నుంచే పరీక్షకు పెట్టిన మనిషి ఆయన. దేవుణ్ణి మాత్రం వదల్లేదు. 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టారు. 1879లో వితంతు వివాహం మీద బహిరంగంగా ఉపన్యసించారు. 1881 డిసెంబరు 11న తొలి పెళ్లి జరిపించారు. ఆయన మీద వచ్చిన దాడిలో రెండు పాళ్లున్నాయి. ఒకటి శాస్త్రం ఒప్పదన్నది. దానికి ఆయన పరాశర స్మృతిని చేతపట్టుకుని శాస్త్రంతోనే జవాబు చెప్పారు, సభల్లో పండితులతో తలపడ్డారు. రెండోది, వైధవ్యం ఆ పిల్ల చేసుకున్న కర్మ, దాన్ని మనం చెరపకూడదన్నది. ఈ రెండోదానికి శ్లోకం చూపి జవాబు చెప్పడం కుదరదు. పెళ్లి చేసి చూపించడమే జవాబు. చిన్న పిల్ల నుదుట బ్రహ్మ రాసిందని ఊరంతా నమ్మినదాన్ని, మేళతాళాలతో, పోలీసు కాపలా మధ్య తిరగరాయవచ్చని తేలింది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు ఆ పనికి డబ్బు సాయం చేశారు. విద్యార్థులు పెళ్లికూతురి ఇంటికి కాపలా కాశారు. వెలివేత భయానికి వంటవాళ్లూ నీళ్లు తెచ్చేవాళ్లూ రాకపోతే ఆ పనులు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు చేసుకున్నారు. తలరాత అనేది ఆకాశంలో ఉండదు. వంటవాడు రాకపోవడంలో, పురోహితుడు తప్పుకోవడంలో, చుట్టం గడప తొక్కకపోవడంలో ఉంటుంది. రాజమండ్రిలో దాని మీద నడిచిన పోరు కూడా ఆ గడపల దగ్గరే జరిగింది.

వీరేశలింగం వేసిన దారిని వేంకటరత్నం నాయుడు గారు కాకినాడలో తత్త్వంగా మలిచారు. బ్రహ్మధర్మం అవతారాలను ఒప్పదు, విగ్రహాన్ని ఒప్పదు, ఏ గ్రంథమూ తప్పు పట్టరానిదని అనదు. అంతరాత్మ ప్రబోధమే మనిషికి దారి. అంటే మంచి చెడులు తేల్చుకునే భారం మొత్తం మనిషి మీదే పడుతుంది. దేవుడు తండ్రిలా ఉంటాడు తప్ప బొమ్మలాడించేవాడిలా ఉండడు. పిఠాపురం రాజా వారి అండతో ఈ భావాలు ఒక తరం యువకులను పట్టుకున్నాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆ నీడలోనే పెరిగారు. ఆయన భావకవిత్వంలో ఎగిసే స్వేచ్ఛాకాంక్షకు కాకినాడ బ్రహ్మమందిరం మూలాల్లో ఒకటి. గుడిపాటి వెంకటచలం కూడా అదే కాలేజీ విద్యార్థి, అదే గురువు శిష్యుడు, అక్కడే బ్రహ్మసమాజంలో చేరారు. అంతరాత్మే ప్రమాణమని గురువు చెప్పిన మాటను చలం గురువు ఊహించనంత దూరం తీసుకెళ్లారు. నీ లోపలి గొంతే సత్యమైతే, ఆ గొంతు గురువు నీతిని కూడా ఎందుకు ప్రశ్నించకూడదు? స్త్రీకి తన శరీరం మీద, మనసు మీద హక్కుందని ఆయన రాసినదంతా ఈ ప్రశ్న నుంచి పుట్టిందే. బ్రహ్మసమాజపు శుచితా ఉద్యమం తనను ఎదిరించే రచయితను కూడా తానే కన్నది.

అదే చలం 1950లో కుటుంబంతో రమణ మహర్షి ఆశ్రమమున్న అరుణాచలం చేరి చివరిదాకా అక్కడే ఉండిపోయారు. ఆయన అభిమానుల్లో చాలామంది దీన్ని ఓటమిగా లెక్కగట్టారు, భక్తులు విజయంగా చాటారు. నాకు రెండూ తొందరపాటు తీర్పులే అనిపిస్తాయి. రమణ మహర్షి యువకుడిగా ఉండగా, 1898లో, తల్లి వచ్చి ఇంటికి రమ్మని ప్రాధేయపడితే రాసి చూపిన జవాబు ప్రసిద్ధం. ప్రారబ్ధాన్ని బట్టి జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదనీ, జరిగేది ఎంత ఆపినా ఆగదనీ, కనుక మౌనమే మేలనీ దాని సారం. ఇంతకంటె గట్టి నియతివాదం దొరకదు. అయితే అదే మహర్షి ఇతరులతో మాట్లాడినప్పుడు, నేను అన్న భావం ఉన్నంతకాలం స్వేచ్ఛాసంకల్పమూ ఉంటుందని, ఆ నేనెవరో వెతకమని చెప్పారు. ఆ మాటల్ని చలం ఎలా తనవి చేసుకున్నారన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం. ఇక్కడ నాకు కావలసింది ఒకటే. తన బతుకు దారిని అందరికీ ఎదురు తిరిగి ఎంచుకున్న మనిషి, యాభై ఆరో ఏట మరొకసారి అందరికీ ఎదురు తిరిగి ఇంకో దారి ఎంచుకున్నాడు. ప్రారబ్ధాన్ని బోధించే గురువు దగ్గరికి వెళ్లడం కూడా ఒక ఎంపికే. ఆ ఎంపికను ఆయన నుంచి లాక్కునే హక్కు అభిమానులకు లేదు.

ఇప్పుడు గోరా దగ్గరికి వద్దాం. ఈ చరిత్రలో స్వేచ్ఛాసంకల్పాన్నీ నాస్తికత్వాన్నీ ఒకే ప్రశ్నగా కట్టినవారు ఆయనే. దయ్యాల కొంపలని పేరుపడ్డ ఇళ్లలో నిద్రించడం, జంధ్యం తీసేయడం, కొలంబోలో ఉద్యోగం చేస్తున్నప్పుడు గర్భవతి అయిన భార్య సరస్వతి గారు గ్రహణాన్ని చూడడం: ఆయన నాస్తికత్వం ఇలాంటి పరీక్షలతో మొదలైంది. కాకినాడ తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాలలో ఉద్యోగమూ నిలవలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడ పటమటకు మారింది. పౌర్ణమి రాత్రుల్లో అన్ని కులాలవారికీ సహపంక్తి భోజనాలు నడిపారు. 1972లో 'పాజిటివ్ ఎథీయిజం' పుస్తకం వచ్చింది, అదే ఏడు విజయవాడలో తొలి ప్రపంచ నాస్తిక సభ జరిగింది. ఆయన మాటల సారం ఇది. దేవుడు ఉన్నాడా లేడా అని తర్కించి తేల్చడం నాస్తికత్వంలో చిన్న భాగం. తనను మించిన శక్తి ఏదో తన బతుకును నడుపుతోందని నమ్మిన మనిషి బానిస మనస్తత్వంలో ఉంటాడు. తాను స్వతంత్రుణ్ణని గ్రహించడమే నాస్తికత్వం. స్వతంత్రుడైన మనిషి తన పనులకు జవాబుదారీ కూడా అవుతాడు, కనుక నీతి అక్కడే మొదలవుతుంది. దేవుడు లేకపోతే నీతి ఏదని అడిగేవారికి ఆయన ఎదురు ప్రశ్న వేసేవారు: చేయించేవాడు మరొకడైతే నీతి ఎవరిది? ద్రౌపది వేసిన ప్రశ్నే ఇది.

ఈ వాదాన్ని ఆయన గాంధీ ఎదుట పెట్టిన తీరు మరవలేనిది. 1941లో గోరా రాసిన ఉత్తరానికి గాంధీ ముక్తసరిగా జవాబిచ్చారు. నాస్తికత్వమంటే ఆత్మను కాదనడమేననీ, దాని ప్రచారంలో ఎవరూ నెగ్గలేదనీ, మీకు దక్కిన ఆదరణ మీ సేవ వల్ల వచ్చిందనీ దాని సారాంశం. 1944లో సేవాగ్రామంలో ఇద్దరూ కలిశారు. అప్పుడు గోరా తాను కలకత్తాలో కళ్లారా చూసిన బెంగాల్ కరువును చెప్పారు. మిఠాయి దుకాణాల పక్కనే, పండ్ల అంగళ్ల ముందే మనుషులు రాలిపోయారు. ఆకలిగొన్న కుక్కో ఎద్దో అయితే కొట్టినా తిట్టినా తిండి మీదికి వెళ్లేది, వందల మంది మనుషులు మాత్రం చేయి చాచి తీసుకోలేదు. అది పోలీసు భయం కాదనీ, తమ రాత ఇంతేనన్న ఆస్తిక భావమే వారిని కట్టేసిందనీ ఆయన అన్నారు. గాంధీ విని, తన ఆస్తికత్వం ఒప్పని గాని, గోరా నాస్తికత్వం తప్పని గాని చెప్పలేనని, ఇద్దరమూ సత్యాన్ని వెతికేవాళ్లమేనని బదులిచ్చారు. ఆ జవాబులోని వినయానికి నేను తలవంచుతాను. కానీ గోరా ఇచ్చిన కారణాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. వారాల తరబడి తిండి లేని శరీరానికి లేచి లాక్కునే సత్తువ ఉండదు. పైగా, నిండుగా సరుకున్న దుకాణాల ముందు మనుషులు చనిపోవడాన్ని అమర్త్యసేన్ 1981లో మరో కోణంలో వివరించారు. తిండి ఉంది, దాన్ని పొందే హక్కు వారికి లేదు, చట్టం దుకాణం వైపు నిలబడింది. కలకత్తా పేవ్‌మెంట్ మీద మనిషిని చంపినదాంట్లో తలరాత నమ్మకం ఒక పాలు అయితే కావచ్చు. ధరలు, యుద్ధ కాలపు విధానాలు, లాఠీ మిగతా పాళ్లు. సంకల్పానికి అంత బలం ఆపాదిస్తే, చచ్చినవాడు తన చావుకు తానే బాధ్యుడని చెప్పే ప్రమాదం ఉంది. గోరా ఉద్దేశం అది కాదు. ఆయన వాదాన్ని వాడుకునేవారికి మాత్రం అది తెరిచి ఉన్న తలుపే.

గోరా మీద రెండో అభ్యంతరం ఈ వ్యాసం మొదటి నుంచీ వస్తున్నదే. ఆస్తికుడంటే బానిస మనసువాడైతే కాటన్ గారు ఎవరు? వీరేశలింగం ఎవరు? సేవాగ్రామంలో ఆయన ఎదుట కూర్చున్న గాంధీ ఎవరు? గోరా ఇచ్చే సమాధానం ఒకటుంది. అలాంటివాళ్లు దేవుణ్ణి నోటితో తలిచినా, చేతల్లో తమ మీద తామే ఆధారపడ్డారు, కనుక ఆచరణలో వారు నాస్తికులే. ఈ సమాధానం తెలివైనదే గాని నిలబడదు. ఇష్టమైన ఆస్తికులందరినీ మనవైపు కలుపుకుంటూ పోతే నాస్తికత్వం అన్న మాటకు విడి అర్థం మిగలదు. భక్తులు కూడా సరిగ్గా ఇలాగే గోరాను, సేవే దైవమని చెప్పి, తమవైపు కలుపుకోవాలని చూశారు. రెండు ఆక్రమణలూ అన్యాయమే. 1948 మార్చిలో గోరా కుమార్తె మనోరమకూ, దళిత యువకుడు అర్జునరావుకూ సేవాగ్రామంలో పెళ్లి జరిగింది. దేవుడి పేర ప్రమాణం ఉండాల్సిన చోట సత్యం పేర ప్రమాణం పెట్టడానికి గాంధీ ముందే ఒప్పుకున్నారు. పెళ్లి నాటికి ఆయన లేరు. ఆ పెళ్లిలో ఎవరూ ఎవరినీ తమ మతంలో కలుపుకోలేదు. కులం అనే రాతను మార్చవచ్చన్న చోట ఇద్దరూ కలిశారు, మిగతాది ఎవరిది వారికి ఉంచుకున్నారు.

మూడో అభ్యంతరం భక్తుల నుంచి కాక శాస్త్రం నుంచి వస్తుంది, గోరాకు అన్నిటికంటె ఇబ్బందైనది అదే. ఆకు పచ్చగా ఎందుకుంటుందో కారణాలతో చెప్పే వృక్షశాస్త్రం మనిషి మనసు దగ్గరికి వచ్చేసరికి కారణాలు లేవంటుందా? భౌతికవాదం అంతా పదార్థమే అంటుంది, మార్క్సిస్టులు చరిత్రకు నియమాలున్నాయన్నారు. గోరా దీన్ని గమనించే భౌతికవాదానికీ దూరంగా నిలిచారు. పదార్థానికో చరిత్రకో మనిషిని లోబరచడం కూడా బానిసత్వమే అన్నారు. ఎం.ఎన్. రాయ్ అనుచరులు మరో దారి పట్టారు. నియమబద్ధమైన విశ్వంలోంచే వివేకమూ సంకల్పమూ పరిణమించాయని, పుట్టాక అవీ కారణాల్లో చేరతాయని రాయ్ వాదం. రాయ్ పార్టీలో పనిచేసిన త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' నవలలో దీని చీకటి ముఖాన్ని చూపించారు. వంశ గౌరవమని, ఆశయాలని తండ్రి నుంచి వచ్చిన బరువు కింద సీతారామారావు తన బతుకును పట్టుకోలేక నశిస్తాడు. అతన్ని ఏ దేవుడూ నడపలేదు, అయినా అతను స్వతంత్రుడు కాడు. 1983లో బెంజమిన్ లిబెట్ ప్రయోగాలు, నిర్ణయం తీసుకున్నామని మనకు తెలియకముందే మెదడులో కదలిక మొదలవుతుందని చూపాక ఈ అభ్యంతరం ఇంకా పదునెక్కింది. దీనికి నా సమాధానం ఇది. కారణాలు ఉండడం వేరు, రాసిపెట్టి ఉండడం వేరు. రాసిపెట్టి ఉందనేవాడు నువ్వేం చేసినా ఫలితం ఒకటే అంటాడు. కారణాలున్నాయనేవాడు నువ్వు చేసేదాన్ని బట్టే ఫలితం ఉంటుందంటాడు. నీటి ఒత్తిడికీ రాతి బరువుకూ నియమాలు ఉన్నాయి గనకనే ధవళేశ్వరంలో ఆనకట్ట నిలిచింది. అవి లేకపోతే కాటన్ గారి సంకల్పం ఇసుకలో కలిసిపోయేది. మనిషి మనసుకూ కారణాలు ఉన్నాయి గనకనే చదువు చెబితే మారుతుంది, వెలివేస్తే కుంగుతుంది. గోరా భయపడ్డంతగా కార్యకారణ నియమం స్వేచ్ఛకు శత్రువు కాదు. బుద్ధుడు మూడు వాదాలను తోసిపుచ్చినప్పుడు కారణాలు లేవన్న వాదాన్ని కూడా తోసిపుచ్చింది ఇందుకే.

ఈ తేడా ఎంత నిజమైనదో బాపట్ల దగ్గర స్టువర్టుపురం చెబుతుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన ఎరుకల కుటుంబాలను తెచ్చి సెటిల్‌మెంటుగా పెట్టారు, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. నుదుటి రాతకు సర్కారు ముద్ర పడిందన్న మాట, అదీ ఆధునిక చట్టం పేరుతో. దేవుడి పేర వచ్చిన ఆ మిషన్ ప్రార్థన, పని, క్రమశిక్షణలతో వాళ్లను మార్చాలనుకుంది. హాజరు పట్టీ, కాపలా దానితో పాటే ఉన్నాయి. 1970లలో గోరా కుమారుడు లవణం, ఆయన భార్య హేమలత అక్కడికి వెళ్లారు. హేమలత కవి జాషువా కుమార్తె. దేవుడి ఊసెత్తకుండా వారు చెప్పిన మాట, దొంగతనం నీ పుట్టుక కాదు, నువ్వు మానగలవు అన్నదే. మానినవాడికి భూమి, పని, పిల్లలకు బడి ఏర్పాటయ్యేలా అధికారులతో కొట్లాడారు. మానమని చెప్పడం సంకల్పాన్ని నమ్మడం, భూమి ఇప్పించడం కారణాలను నమ్మడం. ఒకటి లేకుండా రెండోది అక్కడ పనిచేసేది కాదు. మిషనూ నాస్తికులూ ఇద్దరూ మనిషి మారతాడనే నమ్మారు, మారడని చట్టం నమ్మింది. గీత ఎక్కడుందో చూడండి.

ఈ చర్చ గోదావరి గట్టున ఇంకా నడుస్తూనే ఉంది. 2015 జులై 14న పుష్కరాల మొదటి ఉదయం రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. పుణ్యస్థలంలో పోయారు, ముక్తి దొరికిందని కొందరన్నారు. విచారణ జరిపిన జస్టిస్ సోమయాజులు కమిషన్ ఆ ముహూర్తానికే స్నానం చేయాలన్న జనం గుడ్డినమ్మకాన్నీ, దాన్ని ఎగదోసిన ప్రచారాన్నీ ముఖ్యంగా తప్పుపట్టింది. మూఢనమ్మకం మీద వీరేశలింగం కాలం నుంచీ పోరాడినవారికి ఈ తీర్పు తమ మాటలాగే వినిపించవచ్చు. నాకు అలా వినిపించలేదు. ముహూర్తాన్ని నమ్మి వచ్చినావిడ తన ఇష్టంతోనే వచ్చింది, అది ఆమె హక్కు. ఎన్ని లక్షల మంది వస్తారో, ఏ ఘాట్‌కు ఎంతమందిని వదలాలో, గేట్లు ఎప్పుడు తెరవాలో నిర్ణయించేవారు వేరే ఉన్నారు. ఆ నిర్ణయాలు గ్రహాలు చేసినవి కావు. రాత అని చెప్పినా, మూఢత్వమని చెప్పినా బరువు చనిపోయినవాళ్ల మీదికే జారుతోంది, నిర్ణయించినవాళ్ల మీద నిలవడం లేదు. భక్తురాలి విశ్వాసాన్ని తీసుకుపోకుండా అధికారి బాధ్యతను అడగవచ్చు. నాస్తికుడు ఆమె పక్కన నిలబడే ఆ మాట అడగవచ్చు. 2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. ఏ రేవుకు ఎంతమంది, ఏ దారిలో రావాలి, ఏ దారిలో పోవాలి అన్న లెక్కలు వేయాల్సిన సమయం ఇదే.